పోర్ట్రెయిట్ లెన్స్ కొనేముందు టేపు తీసి గది కొలవండి

మిర్రర్‌లెస్ కెమెరా కొన్న కొన్నాళ్లకే చాలామందికి ఒకే కొరత కనిపిస్తుంది. డబ్బాలో వచ్చిన కిట్ లెన్స్‌తో మనిషిని తీస్తే, వెనకున్న గేటు, బైకు, తీగ మీద ఆరేసిన బట్టలు అన్నీ మొహంతో పోటీపడి కనిపిస్తాయి. తెలిసినవాళ్లని అడిగితే ఒకరు ‘85 తీసుకో’ అంటారు, ఇంకొకరు ‘ఫిఫ్టీ చాలు’ అంటారు. ఈ అంకెలు లెన్స్ ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో (ఎంఎం). అది పెరిగేకొద్దీ ఎదురుగా ఉన్నది దగ్గరగా, ఇరుకుగా పడుతుంది. అలా చెప్పినవాళ్ల కెమెరా ఏమిటో, వాళ్లు ఫొటోలు తీసే చోటు ఎంత పొడవుంటుందో తెలియనిదే ఆ అంకెతో మనకు పని జరగదు. లెన్స్‌ని తేల్చేవి రెండు లెక్కలు. మీరు ఎంత వెనక్కి వెళ్లగలరన్నది ఒకటి, ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో భాగిస్తే ఎంత వస్తుందన్నది రెండోది. (లెన్స్ మీద ఎఫ్/1.8 అని ఉంటే ఎఫ్ నంబరు 1.8. ఇది ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది.) రెండూ కాగితం మీద చేసుకోవచ్చు.

దూరంతో మొదలుపెడదాం. సోనీ ఏ6400, జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్50, జెడ్30, ఫుజీ ఎక్స్ సిరీస్ కెమెరాల్లో సెన్సర్ (లోపల బొమ్మ పడే చిప్) పొడవు సుమారు 23.5 మిల్లీమీటర్లు. కేనన్ ఆర్50, ఆర్10, ఆర్7 కెమెరాల్లో 22.3. వీటినే క్రాప్ సెన్సర్ అంటాం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ పొడవు 36. కెమెరాని నిలువుగా పట్టుకుని నిండు మనిషిని తలపైనా కాళ్లకిందా కాస్త చోటు వదిలి తీయాలంటే ఫ్రేములో రెండు మీటర్ల ఎత్తు పట్టాలి. ఆ ఎత్తుని సెన్సర్ పొడవుతో భాగించి, ఫోకల్ లెంగ్త్‌తో గుణిస్తే మీరు నిలబడాల్సిన దూరం వస్తుంది.

క్రాప్ కెమెరా మీద 35 ఎంఎం లెన్స్‌కి నిండు మనిషి పట్టాలంటే 10 అడుగులు కావాలి. 50 ఎంఎంకి 14 అడుగులు, 56కి 16 అడుగులు. 85కి 24 అడుగులు! అదే 85ని ఫుల్ ఫ్రేమ్ మీద పెడితే 16 అడుగులతో సరిపోతుంది. ‘85 తీసుకో’ అన్నవాళ్ల చేతిలో సాధారణంగా ఫుల్ ఫ్రేమ్ ఉంటుంది, తిరకాసంతా అక్కడే. కేనన్ క్రాప్ వాడేవాళ్లు పై లెక్కలకు ఇంకో అయిదు శాతం కలుపుకోవాలి.

ఈ అడుగులు కూడా మనిషి నుంచి కెమెరా దాకానే. ఫొటో తీసేవాళ్లు నిలబడటానికి కెమెరా వెనక రెండడుగులు కావాలి. తీయించుకునేవాళ్లు గోడకి ఆనుకోకుండా కనీసం మూడడుగులు ముందుకు రావాలి. పన్నెండడుగుల గదిలో ఈ అయిదూ పోతే మిగిలేది ఏడు. ఆ ఏడడుగుల్లో క్రాప్ కెమెరా మీద 50 ఎంఎం పెడితే తల నుంచి నడుము దాకా వస్తుంది. 35 ఎంఎం అయితే మోకాళ్ల దాకా వస్తుంది. 85 పెడితే మొహం, భుజాలు, అంతే. పిల్లల ఫొటోలు ఇంట్లోనే ఎక్కువగా తీసేవాళ్లు క్రాప్ కెమెరాకి 85 కొంటే అది బీరువాలోనే ఉండిపోతుంది. పార్కులో, పొలంగట్ల మీద, బీచ్‌లో తీసేవాళ్లకి అదే లెన్స్ హాయిగా ఉంటుంది.

మొహం ఆకారం ఎందుకు మారుతుంది

వైడ్ లెన్స్‌తో తీస్తే ముక్కు పెద్దదవుతుందని అందరూ అంటారు. నిజానికి ముక్కుని పెంచేది లెన్స్ కాదు, దగ్గరితనం. ముక్కు కొసకీ చెవికీ మధ్య దూరం 12 సెంటీమీటర్లనుకోండి. కెమెరా ముక్కుకి 45 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెవితో పోలిస్తే ముక్కు 27 శాతం పెద్దగా పడుతుంది. మూడడుగుల దగ్గర 13 శాతం, అయిదడుగుల దగ్గర 8 శాతం, ఎనిమిదడుగుల దగ్గర 5 శాతం. ఏ లెన్స్ పెట్టినా ఈ నిష్పత్తి మారదు. 35 ఎంఎంతో కూడా అయిదడుగుల నుంచి తీసి, తర్వాత చుట్టూ కోసేస్తే మొహం చక్కగానే ఉంటుంది. కాకపోతే 35తో మొహం ఫ్రేము నిండాలన్న ఆరాటంలో దగ్గరికి వెళ్లిపోతాం, అప్పుడు చెంపలు వెనక్కి పోయి ముక్కు ముందుకొస్తుంది. 50, 56 ఎంఎం లెన్సులు క్రాప్ కెమెరా మీద మొహం–భుజాల ఫొటోకి మనల్ని నాలుగున్నర, అయిదడుగుల దూరంలో నిలబెడతాయి. అవి పోర్ట్రెయిట్ లెన్సులుగా పేరు తెచ్చుకోవడానికి ఈ దూరమే అసలు కారణం.

పది రూపాయల బిళ్ల లెక్క

ఇప్పుడు వెనకాల మసకబారడం సంగతి. కొట్లో 50 ఎంఎం చూపించి ‘ఇది క్రాప్ మీద 75 అవుతుంది’ అంటారు. ఫ్రేములో ఎంత పడుతుందన్నంత వరకే ఆ మాట నిజం. బ్లర్ ఎంత వస్తుందో దాన్నిబట్టి తెలియదు. దానికి ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో భాగించండి. 50ని 1.8తో భాగిస్తే దాదాపు 28 మిల్లీమీటర్లు. లెన్స్ ముందు నుంచి చూస్తే లోపల కనిపించే వెలుతురు కన్నం వ్యాసం అది.

ఈ అంకెకు ఒక చక్కని గుణం ఉంది. చాలా దూరాన ఉన్న వీధి దీపం ఫొటోలో ఒక గుండ్రటి చక్రంలా పరుచుకుంటుంది కదా, మనిషి మొహం పక్కన స్కేలు పెట్టి కొలిస్తే ఆ చక్రం సరిగ్గా అంతే ఉంటుంది. మన పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. అంటే 50 ఎంఎం ఎఫ్/1.8తో తీసిన ఫొటోలో, వెనక దూరంగా ఉన్న ప్రతి దీపమూ చెంప మీద పది రూపాయల బిళ్ల అతికించినంత సైజులో కనిపిస్తుంది. సెన్సర్ చిన్నదైనా పెద్దదైనా ఈ లెక్క మారదు.

దీంతో పోలికలు తేలికవుతాయి. సోనీ 16–50 కిట్ లెన్స్‌ని 50 దగ్గర పెడితే ఎఫ్/5.6 మించి తెరుచుకోదు, వచ్చేది 9 మిల్లీమీటర్లు, చొక్కా బొత్తామంత. 35 ఎంఎం ఎఫ్/1.8కి 19. క్రాప్ కన్నా చిన్న సెన్సర్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలకు వచ్చే 45 ఎంఎం ఎఫ్/1.8కి 25. 56 ఎంఎం ఎఫ్/1.7కి 33, 56 ఎంఎం ఎఫ్/1.4కి 40, 85 ఎంఎం ఎఫ్/1.8కి 47. ఫుల్ ఫ్రేమ్‌లో 50 ఎఫ్/1.8 వాడినా, క్రాప్‌లో 50 ఎఫ్/1.8 వాడినా, మొహం అంతే సైజులో పడేలా నిలబడితే దూరపు దీపం చక్రం రెండిట్లోనూ అదే 28.

ఇదే లెక్క కొందరి డబ్బు మిగులుస్తుంది. రెండు లెన్సుల కిట్‌లో వచ్చిన సోనీ 55–210 జూమ్ మీ దగ్గర ఉంటే, 210 దగ్గర ఎఫ్/6.3 పెట్టి చూడండి. 33 మిల్లీమీటర్లు వస్తుంది, అంటే 50 ఎఫ్/1.8 కన్నా ఎక్కువ. నికాన్ 50–250 అయితే 250 దగ్గర దాదాపు 40. మొహం–భుజాల ఫొటోకి 210తో దాదాపు 19 అడుగులు, 250తో 22 అడుగులు వెనక్కి వెళ్లాలి, పగటి వెలుతురు కావాలి. ఆరుబయట ఆదివారం ఉదయాల్లో మాత్రమే ఫొటోలు తీసేవాళ్లకి కొత్త లెన్స్ అవసరమే లేకపోవచ్చు.

వెనక గోడ దగ్గరగా ఉంటే ఈ చక్రం చిన్నదైపోతుంది. మనిషికీ గోడకీ మధ్య దూరాన్ని, కెమెరాకీ గోడకీ మధ్య దూరంతో భాగించి, వచ్చినదానితో గుణించాలి. మీరు మనిషికి అయిదడుగుల్లో ఉన్నారు, గోడ ఆ మనిషి వెనక అడుగు దూరంలో ఉంది. ఆరింట ఒక వంతు. 28 కాస్తా 5 కన్నా తక్కువై, కిట్ లెన్స్‌తో తీసినట్టే ఉంటుంది. మనిషిని అయిదడుగులు ముందుకు జరిపితే సగం నిలుస్తుంది. ‘లెన్స్ కొన్నా బ్లర్ రావట్లేదు’ అనేవాళ్లలో ఎక్కువమంది ఫొటోల్లో మనిషి గోడకి ఆనుకునే ఉంటారు.

సూటిగా పడాల్సింది కన్ను

బ్లర్ పెరిగేకొద్దీ ఫోకస్‌లో ఉండే మందం తగ్గుతుంది. కిట్ లెన్స్‌తో 50 దగ్గర మొహం–భుజాల దూరంలో ఆ మందం 16 సెంటీమీటర్లు. కన్ను తప్పినా మొహం దొరుకుతుంది. అదే 50ని ఎఫ్/1.8కి తెరిస్తే 5 సెంటీమీటర్లు. 56 ఎఫ్/1.4కి 4. ఫుల్ ఫ్రేమ్ 85 ఎఫ్/1.8కి మూడున్నర. మొహం 45 డిగ్రీలు పక్కకి తిప్పితే రెండు కళ్ల మధ్య లోతులోనే నాలుగున్నర సెంటీమీటర్ల తేడా వస్తుంది. దగ్గరి కన్ను సూదిలా ఉండి దూరపు కన్ను పలచబడిందంటే తప్పు లెన్స్‌ది కాదు. కన్నాన్ని ఎఫ్/2.8కి తగ్గించండి. ఇద్దరు పక్కపక్కన ఉంటే ఎఫ్/4 పెట్టి, ఇద్దరి మొహాలూ కెమెరాకి ఒకే దూరంలో ఉండేలా సర్దండి.

డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత తరం కెమెరా) రోజుల అలవాటు ఒకటి ఇక్కడ దెబ్బతీస్తుంది. మధ్య చుక్కతో కన్ను మీద ఫోకస్ చేసి, షట్టర్ సగం నొక్కి ఉంచి, కెమెరాని పక్కకి తిప్పడం. నాలుగున్నర అడుగుల్లో 15 డిగ్రీలు తిప్పితే ఫోకస్ దాదాపు 5 సెంటీమీటర్లు జరిగిపోతుంది, అంటే కన్ను ఆ మందంలోంచి బయటపడుతుంది. మిర్రర్‌లెస్‌లో కంటిని తనే వెతికి పట్టుకునే ఐ ఆటోఫోకస్ ఉన్నది ఇందుకే. దాన్ని ఆన్ చేసి, ఫోకస్ మోడ్‌ని కంటిన్యువస్‌లో (కదిలేకొద్దీ వెంబడించేలా) పెట్టండి. పెళ్లిళ్లలో చుక్క ఫోకస్ వాడితే అది బాసికం మీదో పాపిడి బిళ్ల మీదో పడుతుంది. బాసికంలో పూస పూసా కనిపిస్తుంది, కళ్లు మెత్తబడతాయి. కళ్లజోడు మీద ట్యూబ్‌లైటు మెరిసినప్పుడు ఐ ఆటోఫోకస్ కూడా తడబడుతుంది. గడ్డం వేలెడంత కిందికి దించమంటే ఆ మెరుపు పోతుంది.

ఏ కెమెరాకి ఏది

కేనన్ ఆర్ఎఫ్ మౌంట్ (కెమెరాకి లెన్స్ బిగించే చోటు) వాళ్లకి మొదటి మెట్టు ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం. బరువు 160 గ్రాములు, ఫిల్టర్ 43 ఎంఎం, అడుగు దూరం దాకా ఫోకస్ అవుతుంది. అమెరికాలో విడుదల ధర 199 డాలర్లు, ఆర్ఎఫ్ 85 ఎఫ్/2 మాక్రోది 599. ఆ మూడురెట్ల తేడా ఇక్కడి ధరల్లో అటూ ఇటూ అయినా, 50 మాత్రం అందుబాటులో ఉండే లెన్సే. ఈ 50లో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) లేదు, ఆర్50, ఆర్10, ఆర్100 బాడీల్లోనూ లేదు. కాబట్టి షట్టర్ స్పీడ్ 1/125 సెకను కన్నా నిదానం కానివ్వకండి. ఫోకస్ చేసేటప్పుడు దీని ముందు గొట్టం బయటికి వస్తుంది. అలా వచ్చి ఉన్నప్పుడు దెబ్బ తగిలితే ఫోకస్ మోటారుకే ప్రమాదం. కేనన్ ఈ లెన్స్‌తో పాటు హుడ్ (ముందు తొడిగే గొట్టం) ఇవ్వదు, విడిగా కొని తగిలించండి. ఆర్ఎఫ్ 85 ఎఫ్/2లో స్టెబిలైజేషన్ ఉంది, సగం సైజు మాక్రో (చిన్న వస్తువు సెన్సర్ మీద అసలు సైజులో సగం దాకా పడేలా దగ్గరగా తీయడం) ఉంది, ఉంగరాలు, గోరింటాకు, బిడ్డ వేళ్లు అన్నీ దీంతోనే తీయొచ్చు. అయితే దగ్గరి నుంచి దూరానికి ఫోకస్ వెళ్లడానికి కాస్త సమయం తీసుకుంటుంది, పరిగెత్తే పిల్లలకి ఇది పనికిరాదు. క్రాప్ బాడీ వాళ్లకి సిగ్మా 56 ఎఫ్/1.4 ఇప్పుడు ఆర్ఎఫ్ మౌంట్‌లోనూ ఉంది.

పాత కేనన్ డీఎస్ఎల్ఆర్ నుంచి మారినవాళ్ల దగ్గర ఈఎఫ్ 50 ఎఫ్/1.8 ఉంటుంది. ఈఎఫ్–ఈఓఎస్ ఆర్ అడాప్టర్ పెడితే అది ఐ ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. ముందు దాన్ని వాడి చూశాకే కొత్తది ఆలోచించండి.

సోనీలో ఒక ఉచ్చు ఉంది. 50 ఎంఎం ఎఫ్/1.8 అన్న పేరుతో రెండు లెన్సులున్నాయి. ఎఫ్ఈ 50 ఫుల్ ఫ్రేమ్‌కి చేసింది, ఈ 50 ఓఎస్ఎస్ క్రాప్‌కి చేసింది. ఓఎస్ఎస్ అంటే లెన్స్‌లోని స్టెబిలైజేషన్‌కి సోనీ పేరు. ‘ఫుల్ ఫ్రేమ్ లెన్స్ కదా, మెరుగ్గా ఉంటుంది’ అనుకుని ఏ6400కీ జెడ్‌వీ-ఈ10కీ ఎఫ్ఈ కొనేవాళ్లున్నారు. దాని ఫోకస్ నిదానం, మోటారు చప్పుడు వీడియోలో వినిపిస్తుంది, స్టెబిలైజేషన్ లేదు. ఆ బాడీల్లోనూ సెన్సర్ స్టెబిలైజేషన్ లేదు కాబట్టి ఓఎస్ఎస్ ఉన్న క్రాప్ లెన్సే సరైనది. ఇంకాస్త పెట్టగలిగితే సిగ్మా 56 ఎఫ్/1.4 దగ్గర ఆగండి. 2018లో వచ్చింది, 280 గ్రాములు, పూర్తిగా తెరిచినా కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. చవక పోర్ట్రెయిట్ లెన్సుల్లో నా ఓటు దీనికే. ఫుల్ ఫ్రేమ్ ఏ7 వాళ్లకి ఎఫ్ఈ 85 ఎఫ్/1.8. 371 గ్రాములే, ఫోకస్ చురుకు. రెండున్నర అడుగుల కన్నా దగ్గరికి వెళ్తే మాత్రం ఫోకస్ పట్టదు.

నికాన్ క్రాప్, ఫుజీ వాళ్లకి బడ్జెట్‌లో విల్ట్రాక్స్ 56 ఎఫ్/1.7 బాగా సరిపోతుంది. మౌంట్ దగ్గరే యూఎస్‌బీ-సీ ఉంటుంది, కొన్న రోజే ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. కెమెరా కొత్త ఫర్మ్‌వేర్ వచ్చాక ఇలాంటి లెన్సులు కొన్నిసార్లు మొరాయిస్తాయి, మందు అప్‌డేటే. నికాన్ జెడ్ 40 ఎఫ్/2 బరువు 170 గ్రాములే, ఇంట్లో తిరుగుతూ తీయడానికి హాయి, బ్లర్ మాత్రం 20 మిల్లీమీటర్లే. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఒలింపస్ 45 ఎఫ్/1.8, 116 గ్రాములు, వేరే ఆలోచన అక్కర్లేదు.

నికాన్ పాత లెన్సులున్నవాళ్లు పేరు చివరి అక్షరం చూసుకోవాలి. పాత లెన్సుల్ని జెడ్ కెమెరాకి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఏఎఫ్-ఎస్ 50 ఎఫ్/1.8జీ ఆటోఫోకస్ అవుతుంది. ఏఎఫ్ 50 ఎఫ్/1.8డీ అవదు. డీ లెన్స్‌ని తిప్పే మోటారు పాత బాడీలో ఉండేది, ఎఫ్‌టీజెడ్‌లో లేదు. సెకండ్‌హ్యాండ్‌లో డీ చవగ్గా కనిపిస్తే కారణం అదే. చేత్తో ఫోకస్ చేసే లెన్సులు, పాత హీలియోస్ 58 ఎఫ్/2 లాంటివి, ఓపికున్నవాళ్లకే. మెనూలో ‘లెన్స్ లేకుండా షట్టర్’ అన్నది ఆన్ చేయకపోతే కెమెరా క్లిక్కే కొట్టకపోవచ్చు.

వెలుతురు, ఎండ, జరీ

ఎఫ్/5.6 నుంచి ఎఫ్/1.8కి వస్తే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికొస్తుంది. కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందన, పెంచేకొద్దీ గరుకుతనం వస్తుంది) 6400 అడిగిన హాల్లో 640తో పని జరుగుతుంది. ఒక్కోసారి బ్లర్ కన్నా ఈ లాభమే పెద్దది. అయితే మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. ఫొటోలో అడ్డ చారలు కనిపిస్తే షట్టర్‌ని 1/100 చేయండి, ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపి మెకానికల్‌కి మార్చండి. తలంబ్రాల దగ్గర 1/250 కావాలి, అక్కడ కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయడమే దారి.

మిట్ట మధ్యాహ్నం కథ తిరగబడుతుంది. ఐఎస్ఓ 100, ఎఫ్/1.8 పెడితే ఎండలో షట్టర్ 1/8000 కావాలి. చాలా బాడీల్లో మెకానికల్ షట్టర్ 1/4000తో ఆగుతుంది, తెల్ల పంచె కాగితంలా తేలిపోతుంది. వేప చెట్టు నీడకి వెళ్లండి, లేదా వెలుతురుని ఎనిమిదో వంతుకి తగ్గించే ఎన్‌డీ8 ఫిల్టర్ పెట్టండి.

చవక లెన్స్‌లో నిజంగా తగ్గేది ఏమిటంటే, పూర్తిగా తెరిచినప్పుడు మెరిసే అంచుల చుట్టూ రంగు పడుతుంది. పట్టుచీర జరీ మీద చూడండి. ఫోకస్‌కి ముందున్న జరీకి ఊదా అంచు, వెనకున్న జరీకి ఆకుపచ్చ అంచు. ఎఫ్/2.8 దగ్గర చాలావరకు పోతుంది. ఎడిటింగ్‌లో ఈ రంగు అంచుని తీసే డీఫ్రింజ్ స్లైడర్ ఉంది కానీ, ఎక్కువ లాగితే ఊదా రంగు చీర అంచే వెలిసిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ చూసేటప్పుడు

లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. నాలుగు దుమ్ము కణాలు ఫొటోలో కనిపించవు, పట్టించుకోవద్దు. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో వాడిన లెన్సుల్ని మరీ జాగ్రత్తగా చూడాలి. అపర్చర్ (లోపలి వెలుతురు కన్నం) రెక్కల మీద నూనె మెరుపు ఉండకూడదు. కెమెరాకి తగిలించకుండా ఫోకస్ రింగ్ తిప్పితే ఏమీ కదలకపోవచ్చు. ఇలాంటి లెన్సుల్లో రింగ్ కరెంటుతోనే పనిచేస్తుంది, పాడైపోయిందని భయపడకండి.

తర్వాత గోడకి దినపత్రికలో ఒక పూర్తి పేజీ సమంగా అంటించి, కెమెరాని స్టూలు మీద దానికి ఎదురుగా పెట్టండి. అపర్చర్ పూర్తిగా తెరిచి, రెండు సెకన్ల టైమర్‌తో మూడు ఫొటోలు తీయండి. నాలుగు మూలల అక్షరాలూ కొంచెం మెత్తగా ఉండటం మామూలే, నాలుగూ ఒకేలా ఉంటే చాలు. మూడు ఫొటోల్లోనూ ఒకే మూల మిగతావాటికన్నా బాగా మసకగా ఉంటే లోపల గాజు పక్కకి జరిగిందని అర్థం, అంటే లెన్స్ ఎప్పుడో కిందపడి ఉండొచ్చు. అది రిపేరుకి లొంగినా, చవక లెన్స్ విషయంలో ఆ ఖర్చు గిట్టుబాటు కాదు.

కొన్నాక దాచే చోటు తోలు సంచి కాకూడదు. తోలు తేమని పట్టి ఉంచుతుంది. రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ మీటరు చాలు. మీటరు ముల్లు 40కీ 50కీ మధ్య ఉండాలి. వానాకాలంలో అది 60 దాటితే సిలికా జెల్‌ని మార్చండి.